నొప్పి తగ్గింది, మరి మోకాలు మానిందా? లిగమెంట్ తెగాక మళ్ళీ స్నోబోర్డు ఎక్కడం

"అక్కా, రెండు కాళ్లూ ఒకే పలకకు కట్టేసుకుంటరా? మరి పడితే?"

హనుమకొండలో నాకు ఫిజియోథెరపీ చేసిన అబ్బాయి మొదటి రోజు అడిగిన ప్రశ్న ఇది. అతని దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది కబడ్డీ, వాలీబాల్ ఆడి మోకాలు పోగొట్టుకున్న పిల్లలు. మిగతా సగం మోకాళ్లు అరిగిన పెద్దవాళ్లు. మంచు మీద జారుతూ పడి వచ్చిన మనిషిని చూడటం అతనికి అదే మొదలు. ఫోన్లో ఒక వీడియో చూపించాను. రెండుసార్లు చూశాడు. మూడోసారి సౌండ్ తీసేసి, మధ్యమధ్యలో ఆపుతూ, బోర్డు మీద నిలబడ్డ మనిషి మోకాళ్లనే చూశాడు. "ఇది కబడ్డీ లెక్క కాదక్కా, దీని లెక్క వేరే ఉంది" అన్నాడు.

ఆ మాట నేనప్పుడు పట్టించుకోలేదు. నాకు కావాల్సింది ఒక్కటే: ఎన్ని నెలలు? డాక్టర్‌ని అదే అడిగాను, ఇంటర్నెట్‌ని అదే అడిగాను, పక్క బల్ల మీద కాలు చాపుకుని కూర్చున్న కబడ్డీ పిల్లాడినీ అదే అడిగాను. ఒకరు ఆరన్నారు, ఒకరు తొమ్మిదన్నారు, ఒకరు ఏడాదన్నారు. ఆ ప్రశ్నే సరైంది కాదని తెలియడానికి చాలా కాలం పట్టింది.

పోయిన ఏడాది ఫిబ్రవరిలో గుల్మార్గ్‌లో పడ్డాను. స్నోబోర్డు మీద అది నా నాలుగో సీజన్. చిన్న మంచు దిబ్బ మీంచి ఎగిరాను, నడుమెత్తు కూడా లేదు. దిగాల్సింది వాలు మీద, దిగింది చదును మీద. వాలు మీద దిగితే ఊపు ముందుకు జారిపోతుంది. చదును మీద దిగితే ఆ ఊపంతా మోకాళ్లే మింగాలి. ఎడమ మోకాలి లోపల టప్‌మంది, పచ్చి బరిక విరిచినట్టు. టూరిస్టులను కూర్చోబెట్టి లాగే చెక్క స్లెడ్జి ఒకటి ఖాళీగా దొరికితే దాని మీదే కిందికి తెచ్చారు. ఎక్స్‌రే తీసిన ఆస్పత్రిలో ఎముకలు బాగున్నాయి, బెణుకే, పదిరోజులు రెస్టు తీసుకోమన్నారు. ఎక్స్‌రేలో కనపడేది ఎముకే, లిగమెంట్ కాదు. టప్‌మనడం ఒక గుర్తు, గంటా రెండు గంటల్లోనే మోకాలు బుంగలా ఉబ్బడం రెండో గుర్తు. అంత త్వరగా ఉబ్బిందంటే కీలు లోపల రక్తం చేరిందని. ఈ రెండూ కలిసి వస్తే బెణుకు అన్నమాటతో ఇంటికి వెళ్లిపోకూడదు. నేను వెళ్లిపోయాను. పదిహేను రోజుల తర్వాత హనుమకొండ చౌరస్తాలో ఆటో దిగుతుంటే మోకాలు పక్కకు జారి, పట్టపగలు రోడ్డు మీద కూలబడ్డాక ఎమ్మారై తీయించాను.

తెగింది ఏమిటి

మా వైపు దీన్ని "నరం తెగింది" అంటారు. అమ్మ ఫోన్లో చుట్టాలందరికీ అదే చెప్పింది. బొక్కలు కట్టే ఆయన ఒకాయన ఉన్నాడు, నూనె రాసి కట్టు వేస్తే నెలలో నడుస్తావని కూడా ఎవరో చెప్పారు. తెగింది నరం కాదు, బొక్క అంతకన్నా కాదు. తొడ ఎముకను, కింది కాలి ఎముకను మోకాలి మధ్యలో ఏటవాలుగా కట్టిపెట్టే తాడు, అదే లిగమెంట్. పొడవు సుమారు మూడు సెంటీమీటర్లు, మందం చిటికెన వేలంత. అలాంటివి రెండు, ఒకదాన్నొకటి దాటుతూ ఉంటాయి. ముందుదాన్ని ఏసీఎల్ అంటారు, ఎక్కువగా తెగేది అదే.

మోకాలంటే తలుపు బందులా ముడుచుకుని తెరుచుకునే కీలు అనుకుంటాం గానీ, అది కొంచెం జారుతుంది, కొంచెం తిరుగుతుంది కూడా. ఆ జారడం, తిరగడం హద్దు దాటకుండా పట్టి ఉంచేది ఏసీఎల్. అందుకే తెగాక కూడా తిన్నగా నడవొచ్చు, కొందరు పరుగెత్తుతారు కూడా. మలుపు తిరిగినప్పుడే దొంగ బయటపడతాడు. కూతకు వెళ్లిన రైడర్ గీత తాకి వెనక్కి తిరిగే క్షణంలో పక్కన ఎవరూ ముట్టుకోకుండానే పడిపోవడం చూసే ఉంటారు. దూకి, తిరిగే ఆటల్లో ఈ గాయం మగవాళ్ల కన్నా ఆడవాళ్లకు రెండింతలు, అంతకు మించి వస్తుంది. మా వీధిలో మాత్రం దీనికి కారణం ఆడపిల్ల అంత దూరం పోవడమేనని తేల్చేశారు.

చర్మం తెగితే రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మీదే కొత్త కణజాలం అల్లుకుంటుంది. ఏసీఎల్ ఉండేది కీలు లోపలి ద్రవంలో. అక్కడ గడ్డ నిలవడం కష్టం. అందుకే తెగిన కొసలు వాటంతటవే అతుక్కోవడం అరుదు. పైన ఎంత గట్టిగా కట్టు కట్టినా, ఎంత నూనె రాసినా ఆ లోపలికి చేరేది లేదు.

అలాగని తెగిన ప్రతి మోకాలికీ ఆపరేషన్ కావాలా? అక్కర్లేదు. స్వీడన్‌లో 121 మంది యువకుల మీద చేసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో సగం మందికి వెంటనే ఆపరేషన్ చేశారు, మిగతా సగానికి ముందు వ్యాయామం, అవసరమైతేనే తర్వాత ఆపరేషన్ అన్నారు. రెండేళ్లకు రెండు గుంపుల మోకాళ్ల పరిస్థితిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండో గుంపులో ఐదేళ్లకు సుమారు సగం మంది ఆపరేషన్ చేయించుకున్నారు, మిగతా సగానికి ఆ అవసరమే రాలేదు. నేనెందుకు చేయించుకున్నానంటే, ఆటో దిగినా మోకాలు జారుతోంది. జారిన ప్రతిసారీ లోపలున్న నెలవంక ఆకారపు మెత్త ఎముకల మధ్య నలుగుతుంది. నాకు అది అప్పటికే కొంచెం చిరిగింది. పైగా మళ్ళీ మంచు మీదికి పోవాలని ఉంది. ఇవేవీ లేనివాళ్లు మూడు నెలలు గట్టిగా వ్యాయామం చేసి చూసి అప్పుడు తేల్చుకుంటే తప్పేమీ లేదని నా అభిప్రాయం.

అరువు తెచ్చిన తాడు

మార్చి నెల మధ్యలో ఆపరేషన్ అయింది. తెగిన దాన్ని కుట్టరు. మన ఒంట్లోంచే ఇంకో తాడు తీసి ఆ స్థానంలో బిగిస్తారు. తొడ వెనక కండరం టెండన్ (కండరాన్ని ఎముకకు కట్టే తాడు) తీసుకోవచ్చు, మోకాలి చిప్ప కింది పట్టీ తీసుకోవచ్చు, చిప్ప పైదీ తీసుకోవచ్చు. మన దేశంలో కొందరు చీలమండ పక్కనుంచి వచ్చే టెండన్ కూడా వాడుతున్నారు. దేని ఖర్చు దానికుంది. చిప్ప పట్టీ తీస్తే మోకాళ్ల మీద కూర్చున్నప్పుడు నొప్పి ఉండొచ్చు. వెనక తొడది తీస్తే ఆ కండరం కొంతకాలం బలహీనం. నాకు వెనక తొడదే వాడారు. రెండు ఎముకల్లో సొరంగం తవ్వి, ఆ తాడు దూర్చి, ఒక కొస బటన్‌తో, ఒక కొస స్క్రూతో బిగించారు.

ఈ గాయంలో ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చెప్తాను. బిగించిన రోజు ఆ తాడు గట్టిగానే ఉంటుంది. కానీ దాన్ని ఉన్న చోటునుంచి కోసి తెచ్చారు, రక్తం సరఫరా తెగిపోయింది. కొత్త చోట దాని కణాలు చాలావరకు చనిపోతాయి. తర్వాత చుట్టుపక్కల నుంచి కొత్త రక్తనాళాలు పాకుతాయి, కొత్త కణాలు వస్తాయి, పాత నారను తినేసి కొత్త నార నేస్తాయి. టెండన్‌గా వచ్చింది మెల్లమెల్లగా లిగమెంట్‌గా మారుతుంది. ఈ కూల్చి కట్టే పని సాగుతున్న తొలి నెలల్లో, ముఖ్యంగా రెండో నెల, మూడో నెల ప్రాంతంలో, ఆ తాడు ఆపరేషన్ రోజు కంటే బలహీనంగా ఉంటుంది. మారడం ఏడాది దాటాక కూడా సాగుతూనే ఉంటుంది.

నారు పీకి నాటేసిన మడిని చూడండి. వారం దాకా వాడిపోయి, పసుపు బారి, బతుకుతుందా చస్తుందా అన్నట్టుంటుంది. వేరు పట్టాక తిప్పుకుంటుంది. మడి తన సంగతి రంగులో చెప్తుంది, చూసిన రైతు అందులో కాలు పెట్టడు. మోకాలు చెప్పదు. సరిగ్గా లోపల తాడు బలహీనంగా ఉన్న ఆ రోజుల్లోనే పైన వాపు తగ్గుతుంది, నొప్పి పోతుంది, కుంటడం ఆగుతుంది, "ఇంకేం, మంచిగైంది గదా" అని అందరూ అంటారు. తాడులో నొప్పి చెప్పే నరాలు అప్పటికింకా పెద్దగా మొలవలేదు కూడా.

పక్క బల్ల మీది కబడ్డీ పిల్లాడు డిగ్రీ రెండో సంవత్సరం. మూడు నెలలకే నాకన్నా బాగా మెట్లు దిగేవాడు. అసూయపడేదాన్ని. ఐదో నెలలో కనపడటం మానేశాడు. ఊళ్లో టోర్నమెంట్ ఉందట, ఒక్క మ్యాచే అన్నాడట. మళ్ళీ వచ్చినప్పుడు అదే కాలు చాపుకుని, అదే బల్ల మీద, గోడవైపు తిరిగి పడుకున్నాడు. అతనికి నొప్పి లేదు, మ్యాచ్ రోజు పొద్దున కూడా లేదు. ఆ మాట మూడుసార్లు అన్నాడు.

దిండు

ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన రోజు అమ్మ ప్రేమగా మోకాలి కింద మెత్తటి దిండు పెట్టింది. హాయిగా ఉంది. రెండో రోజు వచ్చిన ఫిజియో కూర్చోకముందే ఆ దిండు లాగేశాడు. లాగి, మడమ కింద పెట్టాడు. మోకాలు గాల్లో వేలాడింది, ప్రాణం పోయినంత పనైంది. "బిడ్డకు నొప్పైతుంది గదా సారూ" అంది అమ్మ. "ఇప్పుడు నొప్పైతేనే మంచిదమ్మా, వంకరగ పడుకుంటే కాలు వంకరగనే ఉంటది" అన్నాడు.

మోకాలు కొంచెం ముడిచి పెడితే లోపల ఒత్తిడి తక్కువ, అందుకే హాయి. అదే అలవాటైతే మోకాలు పూర్తిగా సాగదు. ఐదు డిగ్రీలు సాగకపోయినా నడకంతా కుంటుగా మారుతుంది, తొడ ముందు కండరం పూర్తిగా బిగుసుకోదు. ముడవడం ఆలస్యంగా వచ్చినా ఫర్వాలేదు, సాగడం మాత్రం మొదటి వారాల్లోనే రాబట్టుకోవాలి. మన ఇళ్లలో అందరూ అడిగేది ముడవడం గురించే: కింద కూర్చుంటున్నావా, సక్కలముక్కలం వేసుకుంటున్నావా, దేవుడి దగ్గర కూర్చోగలవా. ఒక్కరూ "కాలు పూర్తిగా సాగుతోందా" అని అడగలేదు.

రెండో వింత తొడది. మోకాలిలో వాపున్నంతసేపు తొడ ముందు కండరం మాట వినదు. బద్ధకం కాదు, నొప్పి కూడా కాదు. వాచిన కీలు నుంచి వెళ్లే సంకేతాలకు వెన్నుపాము ఆ కండరాన్ని అరకొరగా ఆపేస్తుంది. టవల్ చుట్టి మోకాలి కింద పెట్టి "నొక్కు" అంటే, నేను నొక్కుతున్నానని అనుకుంటున్నాను, తొడ కదలడం లేదు. సొంత కాలు ఫోన్ ఎత్తకపోవడం లాంటిది. మూడు వారాలకు తొడ చుట్టుకొలత నాలుగు సెంటీమీటర్లు తగ్గింది. బట్టల కొట్లో కొన్న పసుపు రంగు టైలర్ టేపుతో కొలిచాడు, ఆ టేపు నాకే ఇచ్చాడు. తొడ ఇక్కడ, మోకాలు ఇక్కడ అని పెన్నుతో గుర్తులు పెట్టి, మోకాలి కొలత రోజూ పొద్దున రాసుకోమన్నాడు. ఎంత పని చేశావన్నది కాదు, తెల్లారి మోకాలు ఎంత ఉందన్నదే లెక్క. ముందురోజు చేసింది ఎక్కువైతే తెల్లారి టేపు చెప్తుంది. మడి రంగు చెప్పినట్టు మోకాలు చెప్పే మాట ఏదైనా ఉందంటే ఇదే.

ఎండలు ముదిరాక భద్రకాళి చెరువు కట్ట మీద పొద్దున ఐదున్నరకే నడక. తర్వాత పద్మాక్షి గుట్ట మెట్లు. ఎక్కడం సులువే, దిగడమే భయం. దిగేటప్పుడు ఒంటికాలి మీద ఒళ్లంతా ఆపుతూ మెల్లగా మోకాలు ముడవాలి. స్నోబోర్డు మీద కూడా అడిగేది అదే, ఆపుతూ ముడవడం.

శాతాలు చెప్పే అబద్ధం

ఏడో నెలలో ఫిజియో పరీక్ష పెట్టాడు. క్లినిక్ గచ్చు మీద చాక్‌పీసుతో గీత. ఒంటికాలితో ఎంత దూరం దూకి, దిగిన చోట కదలకుండా నిలబడగలవు? కుడి కాలు 148 సెంటీమీటర్లు. ఎడమ 117. అంటే 79 శాతం. దెబ్బతిన్న కాలు మంచి కాలిలో కనీసం 90 శాతమైనా రావాలి, అది కూడా నాలుగు రకాల దూకుడుల్లో, కండరాల బలంలో. కాలితో బరువు నెట్టే లెగ్ ప్రెస్ మెషీన్ మీద మాత్రం సంతోషించాను: కుడి 50 కిలోలు, ఎడమ 44. ఎనభై ఎనిమిది! అతను నోటుపుస్తకం వెనక్కి తిప్పాడు. ఆపరేషన్‌కు ముందు నా కుడి కాలు లేపింది 60 కిలోలు. ఏడు నెలలు ఇంట్లో కూర్చుంటే మంచి కాలు కూడా నీరసించింది. నీరసించిన దానితో పోలిస్తే 88. ఒకప్పటి నాతో పోలిస్తే 73. ఈ మోసం చాలామందికి జరుగుతుంది, కాబట్టి ఆపరేషన్‌కు ముందే మంచి కాలి బలం కొలిపించుకుని రాసిపెట్టుకోండి.

ఇంతకీ తొమ్మిది నెలలన్న మాట ఎక్కడిది? 2016లో నార్వే నుంచి వచ్చిన అధ్యయనం ఒకటి 106 మందిని రెండేళ్లు గమనించింది. అందరూ మలుపులు తిరిగే ఆటలవాళ్లే. తిరిగి ఆటలోకి దిగడం తొమ్మిది నెలల దాకా ఎంత ఆలస్యం చేస్తే, ఒక్కో నెలకు మళ్ళీ మోకాలికి దెబ్బ తగిలే ప్రమాదం సగానికి పడిపోయింది. తొమ్మిది దాటాక ఆ లాభం పెరగలేదు. అందరూ ఎత్తి చెప్పేది ఇదే. అదే అధ్యయనంలో ఇంకో సంగతుంది: బలం, దూకుడు పరీక్షలు పాసవకుండానే ఆడినవాళ్లలో 38 శాతం మందికి మళ్ళీ మోకాలికి దెబ్బ తగిలింది, పాసైనవాళ్లలో ఆరు శాతం లోపే. అంటే తొమ్మిది నెలలన్నది తలుపు తెరుచుకునే రోజు, లోపలికి రానిచ్చేది పరీక్షే. పాతికేళ్ల లోపువాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, మళ్ళీ ఆటలోకి వెళ్లిన ఆ వయసువాళ్లలో దాదాపు నలుగురిలో ఒకరికి అదే కాలిలోనో, రెండో కాలిలోనో ఏసీఎల్ తెగింది. కబడ్డీ పిల్లలంతా ఆ వయసే.

డబ్బు, డాక్టర్లు, జిమ్ముల కొరత లేనివాళ్లకూ ఇది తప్పలేదు. అమెరికా స్కీయర్ లిండ్సే వాన్ 2013 ఫిబ్రవరిలో ఆస్ట్రియాలో పడి కుడి మోకాలి ఏసీఎల్ తెంచుకుంది. ఏడాది తిరగకుండానే అదే మోకాలు మళ్ళీ దెబ్బతింది, 2014 సోచి ఒలింపిక్స్ పోయాయి. 2018లో ప్యాంగ్‌చాంగ్‌లో డౌన్‌హిల్ కాంస్యం గెలిచింది. ఆ రెండింటి మధ్య నాలుగేళ్లున్నాయి.

పలక అడిగేది ఏమిటి

పై లెక్కలన్నీ ఫుట్‌బాల్, హ్యాండ్‌బాల్ లాంటి ఆటలవి. "దీని లెక్క వేరే ఉంది" అని ఫిజియో అన్నమాట దగ్గరికి ఇప్పటికి వచ్చాను.

స్కీయింగ్‌లో రెండు కాళ్లకు రెండు పొడవాటి పలకలు. ఒకటి ఇటు, ఒకటి అటు పోతే పలక పొడవంతా మీటలా పనిచేసి మోకాలిని మెలితిప్పుతుంది. అందుకే అందులో గాయాల్లో మోకాళ్లది పెద్ద వాటా. స్నోబోర్డులో రెండు పాదాలూ ఒకే పలక మీద పక్కపక్కన బిగించి ఉంటాయి, ఒక కాలు ఒక్కటే మెలితిరగడానికి వీల్లేదు. మెత్తటి బూటు చీలమండను కొంచెం కదలనిస్తుంది. పడితే చేతులు ముందుకొస్తాయి కాబట్టి ఎక్కువగా విరిగేది మణికట్టు. మోకాలి పరంగా స్కీ కంటే బోర్డు నయం. ఇది విని మా ఇంట్లో చెప్పాను కూడా. పూర్తిగా చెప్పలేదు.

చెప్పనిది ఇది. ఎగిరి చదును మీద దిగితే ఆ నయం ఏమీ మిగలదు. కాళ్లు కొంచెం ముడిచి దిగినప్పుడు, ఒళ్లు వెనక్కి పడకుండా తొడ ముందు కండరం ఒక్కసారి బలంగా బిగుసుకుంటుంది. ఆ లాగుడుకి కింది ఎముక ముందుకు జారుతుంది. దాన్ని ఆపాల్సింది ఏసీఎల్. పై స్థాయి స్నోబోర్డర్లకు ఏసీఎల్ తెగేది ఎక్కువగా ఇలాగే, నాకు జరిగిందీ చిన్న మోతాదులో అదే. రెండోది, ఒక కాలు విప్పి ఉన్నప్పుడు. లిఫ్టు దగ్గర, చదును చోట వెనక కాలును, బూటును పలకకు పట్టి ఉంచే బైండింగ్‌లోంచి తీసి నేల తంతూ పోతాం. ముందు కాలు ఒక్కటే పలకకు బిగించి ఉంటుంది. పలక కొస మంచులో ఇరుక్కుంటే ఆ పలక మొత్తం మళ్ళీ మీటే, మెలితిరిగేది ముందు మోకాలే. నేను ఎడమ కాలు ముందు పెట్టేదాన్ని. తెగిందీ ఎడమదే.

మూడోది అలసట. మడమ అంచు మీద పొడవాటి వాలు దిగడమంటే గోడకుర్చీ వేసి నిమిషాల తరబడి అదరడం. తొడ మండిపోతుంది. అలసిన కండరం ఆలస్యంగా బిగుసుకుంటుంది, ఆ ఆలస్యమంతా తాడే మోయాలి. గుల్మార్గ్ ఊరే సుమారు 2,650 మీటర్ల ఎత్తు, గొండోలా (కేబుల్ కారు) రెండో దశ 3,980 మీటర్ల దాకా తీసుకెళ్తుంది. వరంగల్ ఊపిరితిత్తులకు అక్కడ సగం రోజుకే సాయంత్రమైపోతుంది.

వీడియో ఆపి ఆపి చూసి ఫిజియో రాసిన వ్యాయామాలు ఈ మూడింటి నుంచే పుట్టాయి. ముందు ఆగుతూ దిగడం: అడుగెత్తు స్టూలు మీంచి దూకి, చప్పుడు కాకుండా నేల తాకాలి. చప్పుడైతే లెక్కలోకి రాదు. తర్వాత గోడకుర్చీ, నలభై సెకన్లతో మొదలై మూడు నిమిషాల దాకా. అలసిపోయాక మళ్ళీ స్టూలు. అలసిన కాలితో దిగడమే అసలు పరీక్ష అంటాడు. ఇంకొకటి మేమిద్దరం కనిపెట్టాం. కాజీపేటలో తెలిసిన వడ్రంగితో రెండున్నర అడుగుల చెక్క కోయించి, నాలుగించుల పీవీసీ పైపు ముక్క కింద పెట్టాం. దాని మీద పక్కకు తిరిగి నిలబడితే పలక అటూ ఇటూ దొర్లుతుంది. మొదటి రోజు గోడ పట్టుకుని ఐదు సెకన్లు. రెండు నెలలకు చేతిలో చాయ్ గ్లాసుతో నిలబడ్డాను. కబడ్డీ పిల్లలు లైన్‌లో నిలబడి మరీ ఎక్కారు.

మోకాలికి ఊతగా వేసుకునే పట్టీ, బ్రేస్ గురించి అందరూ అడుగుతారు. స్కీ రిసార్టు ఉద్యోగుల మీద 2006లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఆపరేషన్ అయినవాళ్లలో బ్రేస్ వేసుకోనివాళ్లకు మళ్ళీ గాయమయ్యే అవకాశం దాదాపు మూడింతలు కనపడింది. మిగతా ఆటల్లో అంత మేలు కనపడలేదు. నేను వేసుకున్నాను. అది తాడును కాపాడిందో, నా టెన్షన్‌ను తగ్గించిందో చెప్పలేను.

టెన్షన్ అంటే గుర్తొచ్చింది, దానికీ కొలత ఉంది. పన్నెండు ప్రశ్నల కాగితం: మళ్ళీ దెబ్బ తగులుతుందని భయమా, మోకాలి గురించి ఆలోచించకుండా ఆడగలవా, ఇలా. ఏసీఎల్ ఆపరేషన్ అయినవాళ్లలో ఏదో ఒక ఆటలోకి తిరిగి వెళ్లింది 81 శాతం, మునుపటి స్థాయికి చేరింది 65 శాతం, పోటీల్లోకి వెళ్లింది 55 శాతం అని 2014 నాటి లెక్క. మోకాలు బాగైనా ఆగిపోయినవాళ్లలో చాలామందిని ఆపింది భయమే. భయపడేవాడు కాలు బిగబట్టి దిగుతాడు, బిగబట్టిన కాలే ముందు తెగుతుంది. మరీ భయం లేనివాడు ఐదో నెలలో టోర్నమెంట్‌కు పోతాడు. మార్కులు ఎక్కువొస్తే భయం తక్కువని. నాకు మొదటిసారి వందకు 41 వచ్చింది. పదో నెలలో దూకుడు పరీక్షలో 152కు 141 వచ్చిన రోజు, అంటే 93 శాతం, ఆ కాగితం మళ్ళీ నింపాను. 68. "మంచిగున్నది, కొంచెం భయం ఉండాలె" అన్నాడు. అమ్మ మాత్రం "మళ్ళ పోతవా బిడ్డా?" అని ఒక్కసారే అడిగి, జవాబు వినకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఈ ఫిబ్రవరిలో వెళ్లాను, ఆపరేషనై పదకొండు నెలలు. ఫిజియోకు ముందే కొన్ని షరతులు రాసి ఇచ్చి, సంతకం పెట్టి మరీ వెళ్లాల్సి వచ్చింది: ఎగరడం లేదు, ఈ సీజన్ మొత్తం. రోజుకు రెండు గంటలే. మబ్బు పట్టి నేల ఎత్తుపల్లాలు కనపడకపోతే ఆపేయాలి. మూడో రోజు మధ్యాహ్నం దిగొద్దు, అప్పటికి తొడలు అయిపోయి ఉంటాయి. లిఫ్టు దగ్గర ముందు కాలు మీద తిరగొద్దు.

కొత్తవాళ్ల వాలు దగ్గర లాగే లిఫ్టు ఉంటుంది. ముందు కాలు బిగించి, వెనక కాలు వదులుగా పెట్టుకుని, కర్ర పట్టుకుంటే పైకి లాగుతుంది. నా మోకాలికి దీనికంటే చెడ్డ చోటు ఆ కొండ మొత్తం మీద లేదు. క్యూలో ఎవరూ లేరు, లిఫ్టు దగ్గరున్న ఆయన రమ్మని చెయ్యి ఊపాడు. నేను బోర్డు విప్పి, భుజాన వేసుకుని, పక్కనుంచి నడిచి ఎక్కాను. ఇరవై నిమిషాలు పట్టింది. దిగడానికి ఒకటిన్నర నిమిషం. అలా నాలుగుసార్లు.

తెల్లారి లేవగానే రగ్గులోంచి కాలు బయటికి తీసి, పసుపు టేపు చుట్టాను. అర సెంటీమీటర్ ఎక్కువ. ఫొటో తీసి హనుమకొండకు పంపితే "ఈ రోజు వద్దక్కా" అని వచ్చింది. బయట రాత్రంతా కురిసిన కొత్త మంచు, ఆకాశం నీలంగా ఉంది. బోర్డును గోడకు ఆనించి, మడమ కింద దిండు పెట్టుకుని, కిటికీ దగ్గర కూర్చున్నాను.